కొట్టేసిన పదకొండు లైన్లు

రష్యన్ నవలలు చదివితే మనిషి గుండె విశాలమవుతుందని పుస్తకావిష్కరణ సభలో ముగ్గురు వక్తలు చెప్పారు. ముగ్గురిలో ఇద్దరు ఆ పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. మూడో ఆయన నిజాయితీపరుడు కాబట్టి ముందుమాట వరకూ చదివానని ఒప్పుకున్నాడు. ఆ పదమూడు వందల పేజీలనీ అక్షరం పొల్లుపోకుండా నోరారా చదివిన మనిషి ఆ హాల్లోనే ఉంది. వెనక గోడకి ఆనుకుని, పుస్తకం అచ్చేసిన ప్రెస్సు తరఫున వచ్చినవాళ్ళ మధ్య నిలబడి చప్పట్లు కొడుతోంది. ఆమెని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. పిలవకపోవడమే మంచిదయింది. గుండె విశాలం కావడం దేవుడెరుగు, అప్పటికే అది పిడికెడై గొంతులోకి వచ్చి కూర్చుంది.

అక్షరం పొల్లుపోకుండా అన్నమాట కూడా నిజం కాదు. పదకొండు లైన్లు పోయాయి. ఆమె సంగతంతా ఆ పదకొండు లైన్లలోనే ఉంది.

ప్రెస్సులో అందరూ ఆమెని కామాలక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది కానీ, దాంతో పిలిచిన పుణ్యాత్ముడు లేడు. ఆమె పని కాపీ పట్టుకోవడం. కాపీ అంటే రచయిత చేత్తో రాసి ఇచ్చిన కాగితాలు. బల్లకి ఇటువైపు ఆమె కాపీ పట్టుకుని గట్టిగా చదవాలి. అటువైపు మాష్టారు అచ్చుతీసిన ప్రూఫు ముందు పెట్టుకుని, ఆమె చదివినదానికీ ప్రూఫులో ఉన్నదానికీ తేడా వస్తే ఎర్రసిరాతో దిద్దాలి. చదవడమంటే మామూలు చదువు కాదు. "ఆయన లేచి కామా కిటికీ మూసి కామా మళ్ళీ కూర్చున్నాడు ఫుల్‌స్టాప్ కొత్త పేరా" అని చదవాలి. ఇరవై రెండేళ్ళు అలా చదివితే మనిషి మాటల్లోకీ అవే వస్తాయి. ఒకసారి భర్త మీద కోపమొచ్చి, "నేనింక మీతో మాట్లాడను ఫుల్‌స్టాప్" అంది. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె నిజంగానే రెండ్రోజులు మాట్లాడలేదు.

ఓటర్ల జాబితాలు, మందుల సీసాలతో వచ్చే మడత కాగితాలు, ఎనిమిదో తరగతి భూగోళం ఏడు ముద్రణలు, కోర్టు ఫారాలు, బాయిలరు వాడే విధానం, అన్నీ ఆమె గొంతులోంచే వెళ్ళాయి. ఒక్కటీ గుండెదాకా దిగలేదు. దిగడానికి వాటిలో ఏముంది?

వాళ్ళిద్దరి మధ్య ఒకే ఒక్క నియమం. కాపీ మీద చెయ్యి ఆమెది, ప్రూఫు మీద చెయ్యి ఆయనది. ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూడరు. "నీ కాపీ నేనూ చూడాల్సివస్తే ఇక్కడ ఇద్దరం ఎందుకమ్మా?" అనేవారు మాష్టారు. ఆయన ఏ బడిలోనూ పనిచెయ్యలేదు. అయినా ప్రెస్సుకి మాష్టారే, వీధికీ మాష్టారే. దుకాణం బోర్డు మీద దీర్ఘం ఎగిరిపోయి కనిపిస్తే లోపలికి వెళ్ళి చెప్పందే ఆయన కాలు ముందుకు పడేది కాదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన దిద్దిన పుస్తకానికి తప్పొప్పుల పట్టిక వెయ్యాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఆ ఒక్కటే ఆయన ఆస్తి. ప్రతి పదహారు పేజీలకీ, అంటే ఒక్కో ఫారానికీ, కింద తేదీ వేసి సంతకం పెట్టేవారు. కామాలక్క సంతకం మాత్రం ఎక్కడా ఉండదు. కాపీ చదివినవాళ్ళు సంతకం పెట్టే ఆచారం లేదు. ఇరవై రెండేళ్ళలో తను ఇంత చదివినట్టు ఒక్క ప్రూఫు మీదా గుర్తు లేదని ఆమెకి లోపల్లోపల ఉడుకుగా ఉండేది.

అలాంటి రోజుల్లో ఆ నవల వచ్చింది. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి పదమూడేళ్ళు కూర్చుని అనువదించాడట. కాపీ మూడు గోనెసంచుల్లో దిగింది. "ప్రూఫు నేను చూడక్కర్లేదు. మాష్టారు చూస్తే వేదం," అని ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. అంత నమ్మకం ఎవరిమీదా పెట్టుకోకూడదు గానీ, పెట్టుకున్నాడు.

మొదటి నెల నరకం. ఒక్కో మనిషికి మూడు పేర్లు. తండ్రి పేరు కలిపి పిలిస్తే ఒకటి, ముద్దుగా పిలిస్తే ఒకటి, కోపంగా పిలిస్తే ఇంకొకటి. అరవై పేజీలు అయ్యేసరికి కథలో పదిహేనుమంది ఉన్నారని కామాలక్క లెక్క. మాష్టారు ఒక అట్ట మీద అందరినీ రాసి గోడకి అంటించారు. తీరా చూస్తే ఆరుగురు. "ఆ దేశంలో జనాభా లెక్కలు ఎలా రాస్తారో పాపం!" అన్నారాయన.

ఆ ఆరుగురిలో ఒకామె కుట్టుపని మనిషి. నది ఒడ్డున ఉన్న జమీందారు ఇంట్లో బట్టలు కుడుతూ మెట్లకింద గదిలో ఉంటుంది. దిక్కూ మొక్కూ లేనిది. అయినా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మంచం పక్కన ఆమే ఉంటుంది. తల్లిలేని గుర్రాలవాడి పిల్లలకి తన పాత శాలువ కత్తిరించి చొక్కాలు కుట్టిపెడుతుంది. ఆమె చేసిన ఏ పనికీ ఆమె పేరు ఉండదు. మరి కామాలక్క ఆమెని ప్రేమించకుండా ఎలా ఉంటుంది? పుట్టి బుద్ధెరిగాక తన గురించి రాసిన పుస్తకం మొదటిసారి చూసినట్టయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళి వంట చేస్తూ ఆ రోజు కథ అత్తగారికి చెప్పేది. భర్త లిఫ్టులు బాగుచేసే పనిలో ఉండగా జారిపడి నడుం పోగొట్టుకుని మూడేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఇంటికొచ్చే జీతం ఆమెది ఒక్కటే. అత్తగారికి చూపు ఆనదు. చెవులు మాత్రం పాము చెవులు. ఆవిడ పేర్లజోలికి పోకుండా అందరికీ వరసలు కలిపేసింది. "ఆ జమీందారు తమ్ముడు సచ్చినోడు ఇవాళేం చేశాడే?" అని మొదలుపెట్టేది. కుట్టుపనామె అంటే ఆవిడకీ ప్రాణమే. అందుకని కామాలక్క ఇంట్లో కథ చెప్పేటప్పుడు కాస్త కత్తిరించి, కాస్త అతికించి చెప్పేది. కుట్టుపనామె విసుక్కున్న చోట విసుక్కోలేదని చెప్పేది. అసూయపడ్డ చోటు ఎగరగొట్టేది. వినే ముసలావిడ సంతోషిస్తోంది కదా, పోయిందేముందిలే అనుకునేది. చెయ్యి తిరగడం అక్కడే మొదలైంది.

మొదటి సంపుటం ఇరవై రెండో ఫారం చదువుతున్న మధ్యాహ్నం. పైన పంకా గిర్రుమంటోంది. పక్కగదిలో మెషీన్లు ఆపి అందరూ అన్నాలకి వెళ్ళారు. కథలో గడ్డివాము కాలిపోయింది. గుర్రాలవాడు తాగి చుట్ట పడేశాడని అతన్ని బండెక్కించి, మంచు తప్ప మరేమీ లేని దేశానికి పంపించేస్తున్నారు. పిల్లలు బండి వెనక పరిగెడుతున్నారు. కాపీ చదివేవాళ్ళ కళ్ళు గొంతుకన్నా రెండు లైన్లు ముందుంటాయి. ఆ కళ్ళు తర్వాతి పేరా మీద పడ్డాయి. పదకొండు లైన్ల పేరా. గడ్డివాములో దీపం మర్చిపోయింది కుట్టుపనామె. అది ఆమెకీ తెలుసు. చెబితే తన గది పోతుంది. బండి వంతెన దాటేదాకా కిటికీ దగ్గర నిలబడి చూసి, వెనక్కి వచ్చి కూర్చుని, సూదిలో దారం ఎక్కించింది. దారం మొదటిసారికే ఎక్కింది.

కామాలక్కకి ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషయ్యా ఈ రాసినాయన! మూడు వందల పేజీలు దేవతలా నడిపించి, ఇప్పుడు ఈ మాటా? రాయడానికి చెయ్యెలా వచ్చింది? ఇంత మంచి మనిషి ఇంత పని చెయ్యదు. ఇది తప్పు. ఇరవై రెండేళ్ళుగా రోజూ తప్పులు పట్టుకునే మనిషికి తప్పు కనిపిస్తే ఊరుకోవడం చేతకాదు. ఆ పదకొండు లైన్లూ దాటేసి, "కొత్త పేరా మర్నాడు పొద్దున్న కామా" అని కింది పేరా ఎత్తుకుంది.

"ఆగమ్మా," అన్నారు మాష్టారు. "ఇక్కడ మధ్యలో ఇంకో పేరా ఉంది. దీపం, కిటికీ, ఏదో..."

"కాపీలో కొట్టేసి ఉందండీ మాష్టారూ."

"మొత్తమా?"

"మొత్తం. అడ్డంగా గీత పెట్టారు."

మాష్టారు ఆమె చేతిలో కాగితంవైపు తల తిప్పలేదు. తిప్పే అలవాటు లేదు. "కొట్టేసినవి కూడా టైపు చేసేస్తున్నాడు మన మహానుభావుడు," అని విసుక్కుంటూ ఆ పేరా మీద ఎర్రగీత గీశారు. మర్నాడు టైపు చేసే ఆయనకి అక్షింతలు పడ్డాయి. ఆయన బిక్కమొహం వేసుకుని, రోజుకి ముప్ఫై పేజీలు కొట్టేవాణ్ణి ఏ గీత చూశానో ఏది చూడలేదో ఏం గుర్తుంటుందండీ అన్నాడు. రెండో ప్రూఫు వచ్చాక మొదటి ప్రూఫుతో పోల్చి చూడటమే తప్ప మళ్ళీ కాపీ ముట్టుకోరు. కాపీ గోనెసంచిలోకి వెళ్ళిపోయింది. పదకొండు లైన్లూ లోకంలోంచి పోయాయి.

తను అబద్ధమాడానని ఆమెకి అనిపించలేదు. దిద్దాననిపించింది. ఇంటికెళ్ళి అత్తగారికి కూడా గడ్డివాము తగలబెట్టింది తాగుబోతు గుర్రాలవాడేనని చెప్పింది.

ఏడాది గడిచింది. మూడో సంపుటం నడుమ గుర్రాలవాడు తిరిగొచ్చాడు. కథలో ఇరవై ఏళ్ళ తర్వాత, పళ్ళూడి, ఒక చెవి మంచుకి రాలిపోయి. కుట్టుపనామె వీధిలో అందరిముందూ అతని కాళ్ళమీద పడింది. కామాలక్క గొంతు ఠక్కున ఆగింది. ఆ కాళ్ళమీద పడటానికి కారణం ఎక్కడుందో ఆమెకి తెలుసు. రాసినాయన పదకొండు లైన్లు పేర్చి, ఎనిమిది వందల పేజీలు ఓపిగ్గా నడిచి, ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆమె ఆ పునాదిరాయి పీకి పారేసింది.

"ఏమైందమ్మా?"

"గొంతు పట్టేసిందండీ."

"మంచినీళ్ళు తాగు." మాష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకర్థం కావట్లేదు. ఈవిడెందుకు ఇంతలా ఏడుస్తోంది? ఇతనికి ఈవిడేం అపకారం చేసింది? నేనే ఎక్కడో మర్చిపోయినట్టున్నాను."

అప్పుడు చెప్పవలసింది. మొదటి సంపుటం అచ్చయి కట్టలు కట్టి గోడౌనులో ఉంది, ఇంకా బయటికి పోలేదు. ఒక్క కాగితం మళ్ళీ అచ్చేసి అతికిస్తే సరిపోయేది. మాష్టారు నాలుగు చీవాట్లు పెట్టేవారు, వారం రోజులు ముభావంగా ఉండేవారు. అంతకన్నా పోయేదేముంది? కానీ ఇరవై రెండేళ్ళలో ఆమె ఆయన దగ్గర ఒక్క చీవాటు కూడా తినలేదు. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేక, రేపు చెబుదాంలే అనుకుంది. రేపు అన్నమాటకి రూపు లేదంటారు. మర్నాడు ఇంకో ఫారం వచ్చింది.

సభ జరిగింది. శాలువాలు కప్పారు. తొమ్మిదో రోజున అనువాదకుడు భుజాన సంచీతో ప్రెస్సులోకి వచ్చాడు. కుట్టుపనామె ఎందుకేడ్చిందో తెలియలేదని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడట. పెద్దాయన పుస్తకం తెరిచి చూసుకుంటే ఆ పేరా లేదు. యజమాని అటక మీది పాత ప్రూఫుల కట్ట దింపించాడు. ఇరవై రెండో ఫారం దొరికింది. ఎర్రగీత, కింద తేదీ, సంతకం.

యజమాని గదిలో నలుగురు నిలబడ్డారు.

"మాష్టారూ, ఈ గీత మీదేనా?"

"నాదే."

"ఎందుకు కొట్టేశారు?"

"ఇదిగో మీరు తిరిగిచ్చిన నా కాపీ," అన్నాడు అనువాదకుడు, కాగితం ఆయన మొహం ముందు ఊపుతూ. "ఎక్కడైనా గీతుందా? పదమూడేళ్ళండీ! పదమూడేళ్ళు రాసింది మీరొక్క గీతతో కొట్టేస్తారా?"

మాష్టారు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆమె చేతిలో ఉండే కాగితాన్ని ఆయన పట్టుకోవడం అదే మొదటిసారి. తర్వాత మెల్లగా ఆమెవైపు తిరిగారు.

"ఏమ్మా, ఆ రోజు కాపీలో కొట్టేసి ఉందని నువ్వన్నావు కదూ?"

ఆయన గొంతులో నిలదీత లేదు. ఉన్నట్టయితే బహుశా ఆమె నిజం చెప్పేదేమో. చిన్నపిల్లాడు దారి అడిగినట్టు అడిగారు. కామాలక్కకి మంచం మీది భర్త కనిపించాడు. గోడ తడుముకుంటూ నడిచే అత్తగారు కనిపించింది. ఇంటి అద్దె, మందులు, బియ్యం డబ్బా అన్నీ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. ఆ వరసలో మాష్టారు ఒక్కరే లేరు.

"నాకు గుర్తులేదండీ మాష్టారూ," అంది.

మాట కాపీ చదివినట్టే స్పష్టంగా వచ్చింది.

"అయితే నేనే పొరబడి ఉంటాను," అన్నారాయన. ఆయన ఆమెని కాపాడటానికి అలా అన్నారని మీరనుకుంటారేమో. ఆమె కూడా మొదట అలాగే అనుకుని కాస్త ఊరట పడింది. కాదు. ఆయన నిజంగానే నమ్మారు. ఆమె గొంతు చెప్పింది నమ్మడం ఆయనకి ఇరవై రెండేళ్ళ అలవాటు.

ఇంకో రెండేళ్ళలో ఎలాగూ మానుకునేవారే కదా, ఇప్పుడే విశ్రాంతి తీసుకోండి అన్నాడు యజమాని. మాష్టారు సొరుగులోంచి రెండు పెన్నులు, కళ్ళద్దాల పెట్టె, దువ్వెన తీసుకుని వెళ్ళిపోయారు. గోడ మీది పేర్ల అట్ట అలాగే ఉంది. పదకొండు లైన్లూ వేరే కాగితం మీద అచ్చేసి, మిగిలిన పుస్తకాల్లో అతికించారు. వారం తిరిగేసరికి యజమాని కామాలక్కని పిలిచి, "కొత్తవాళ్ళెందుకు, నీకన్నా తెలిసినవాళ్ళెవరున్నారు?" అని ఎర్రపెన్ను ఆమె చేతికిచ్చాడు. కాపీ చదవడానికి ఇంకో అమ్మాయిని పెట్టారు. ఆ సాయంత్రం ఆమె మొదటి ఫారం కింద తేదీ వేసి తన పేరు రాసింది. ఇన్నేళ్ళూ ఏ గుర్తూ లేదని ఏడ్చిన పేరు. పెద్ద నవల చదివినందుకు ఆమెకి దక్కిన బహుమానం ఇదీ.

ఇంట్లో అత్తగారు అడిగింది. "కథ మానేశావేమే? ఆ కుట్టుపనామె ఏమైంది?"

"చచ్చిపోయిందత్తయ్యా."

"అయ్యయ్యో! మహాతల్లి," అని ముసలావిడ కళ్ళొత్తుకుంది.

ఇంకేదైనా పుస్తకమైతే ఆమె ఎలాగో సర్దుకుపోయేది. లోకంలో ఎవరు చెయ్యడం లేదు, నా సంసారం నేను చూసుకున్నాను, ఆయనకి పిల్లలా జెల్లలా అని నాలుగు మాటలు అనుకుని పడుకునేది. మనుషులందరూ బతికేది ఆ నాలుగు మాటలతోనే. కానీ ఆ నవల పదమూడు వందల పేజీలపాటు అలాంటి మాటలన్నిటినీ ఒక్కొక్కటే ఎత్తి, ఇదీ దొంగదే, ఇదీ దొంగదే అని పక్కన పెడుతూ పోయింది. అన్నిటినీ ఆమె తన నోటితోనే చదివింది. ఇప్పుడు తనకి చెప్పుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు. వక్తలు చెప్పినట్టు ఆ పుస్తకం గుండెని విశాలం చెయ్యలేదు. ధైర్యమూ ఇవ్వలేదు. కళ్ళు మాత్రం ఇచ్చింది. ధైర్యం లేనివాడికి కళ్ళెందుకు?

నాలుగు నెలల తర్వాత మాష్టారి భార్య ప్రెస్సు గుమ్మంలో కనిపించింది. ఆవిడని కామాలక్క పిన్నిగారూ అని పిలుస్తుంది.

"ఆయన పేపరు కూడా ముట్టుకోవడం లేదమ్మాయ్," అంది పిన్నిగారు. "తలుపు గడియ వేసి మళ్ళీ లేచి చూస్తారు. మాత్ర వేసుకుని, వేసుకున్నానా అని నన్నడుగుతారు. డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. ఈయన వింటేనా? నాకు మతి పోయింది, ముప్ఫై నాలుగేళ్ళలో ఇంకెన్ని కొట్టేశానో అంటారు. నీ గొంతంటే ఆయనకి ఇష్టం. ఆదివారం వచ్చి నాలుగు ముక్కలు చదివి పెట్టకూడదూ?"

వెళ్ళింది. వెళ్ళకుండా ఎలా ఉంటుంది? మాష్టారు వాలుకుర్చీలో సగానికి సగమై ఉన్నారు. వేరే ఏదీ వద్దన్నారు. ఆ నవలే మొదటినుంచీ మళ్ళీ చదవమన్నారు. "ఈసారి కథలో ఏం మర్చిపోతున్నానో చూసుకుంటాను," అన్నారు. ఆదివారానికి మూడు గంటలు, యాభై పేజీలు. మధ్యలో పిన్నిగారు మంచినీళ్ళూ, టీ తెచ్చి ఇచ్చేది. ఒక్కో పేజీ తిప్పుతుంటే ఆమెకి ఆ అతికించిన కాగితం దగ్గరపడటం తెలుస్తూనే ఉంది.

ఏడో ఆదివారం అది వచ్చింది. జిగురుకి కాగితం కొంచెం ముడతపడి ఉంది. ఈసారి దాటెయ్యలేదు. బండి వంతెన దాటడం, దారం ఎక్కించడం, అంతా చదివింది. మాష్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇవేనా ఆ లైన్లు?"

"ఇవేనండీ."

"ఎంత గొప్పగా రాశాడమ్మా! నవలంతా దీనిమీదే నిలబడింది. దీన్ని చూసి కూడా గీత కొట్టానంటే..." ఆయన కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపారు. "నా బుర్ర ఎప్పుడో పోయిందమ్మా. నాకే ఆలస్యంగా తెలిసింది."

కామాలక్క పుస్తకం మూసింది.

"మాష్టారూ, మీరు పొరబడలేదు. మీకు ఏ మతిమరుపూ లేదు. కొట్టేసి ఉందని ఆ రోజు నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను. యజమాని ముందు గుర్తులేదన్నదీ అబద్ధమే. నాకంతా గుర్తుంది. మీరు ఆగమ్మా అన్నారు, మొత్తమా అనడిగారు. అన్నీ గుర్తున్నాయి."

మాష్టారు కళ్ళు తెరిచి ఆమెవైపు చూశారు. తర్వాత నవ్వారు. నెలల తర్వాత మొదటి నవ్వు.

"పిచ్చితల్లీ. నన్ను ఊరడించడానికి ఇంత నింద నెత్తినేసుకుంటావా?"

"ఒట్టండీ. నిజం."

"నిజమైతే, ఎందుకు చెప్పావు? కారణముండాలిగా?"

"ఆ కుట్టుపనామె అలాంటి పని చెయ్యదనిపించింది. రాసినాయన తప్పు రాశాడనుకున్నాను."

ఆయన ఈసారి గట్టిగానే నవ్వారు. "అబద్ధమాడినా అతికినట్టుండాలమ్మా! ఇరవై రెండేళ్ళు కాపీ పట్టుకున్న మనిషివి, కథలో మనిషి మీద జాలిపడి పదకొండు లైన్లు మింగేశావా? ఎవరు నమ్ముతారు? చూడు, ఆ రోజు అందరి ముందూ నేను అడిగాను. 'అవును, నేనే చెప్పాను' అని ఒక్క చిన్న అబద్ధమాడి ఉంటే నా పరువు నిలిచేది. నా మీద నీకెంత గౌరవమో నాకు తెలీదా? అయినా నీకు నోరు రాలేదు. గుర్తులేదనే అన్నావు. అంత నిక్కచ్చి మనిషివి. నువ్వు ఇప్పుడొచ్చి ఇలా చెబితే నేను నమ్మాలా?"

ఆమె చేతులు జోడించింది. ఏడ్చింది. ఎంత ఏడిస్తే ఆయన అంత ఓదార్చారు. "పోనీలే, ఏడవకు. నాకు మతి పోయిందని నేను ఒప్పుకున్నాను. నువ్వూ ఒప్పుకో," అన్నారు. చివరికి, ఇంత మంచిదానివి కాబట్టే నీ చేత చదివించుకుంటున్నానని తల నిమిరారు.

వంటింటి గుమ్మం దగ్గర టీ గ్లాసులతో పిన్నిగారు నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో ఏమో, టీ మీద మీగడ కట్టింది. వెనక్కి తిరిగి గ్లాసులు రెండూ లోపలికి తీసుకెళ్ళిపోయింది.

కామాలక్క చెప్పులు వేసుకుంటుంటే వీధి గుమ్మందాకా వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, లోపలికి వినపడకుండా అంది.

"ఆయన నమ్మలేదు. నేను నమ్మాను."

"పిన్నిగారూ..."

"ఏం చెప్పకు. వచ్చే ఆదివారం రావాలి. రాలేనని కబురు పెట్టావంటే ఊరుకోను. నీ చదువు తప్ప ఆయనకి ఇంకే ముచ్చటా మిగల్లేదు. ఆ పుస్తకం అయ్యేదాకా వస్తూనే ఉండు. కానీ ఈ ఇంట్లో మంచినీళ్ళు మాత్రం అడగకు. నా చేత్తో నేనివ్వలేను."

ఆ వచ్చే ఆదివారం కామాలక్క వెళ్ళింది. ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్ళింది. మూడు గంటలు ఆపకుండా గట్టిగా చదివితే గొంతు ఆర్చుకుపోతుంది. నాలుక పిడచకట్టి మాట తడబడుతుంది. సంచీలో సీసాతో నీళ్ళు తెచ్చుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు. ఆమె తెచ్చుకోలేదు. "ఇవాళ గొంతు బాలేదేమ్మా, కాసిని నీళ్ళు తాగు," అని మాష్టారు ప్రతివారం అంటారు. దాహం లేదండీ అంటుంది. ఆమె మాట కాబట్టి ఆయన నమ్ముతారు. పుస్తకంలో ఇంకా ఎనిమిది వందల పైచిలుకు పేజీలు ఉన్నాయి.